ది లైనక్స్ కమాండ్ లైన్ పుస్తకం, లైనక్స్ మింట్: పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళ కోసం రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడటానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. విండోస్‌లో స్టార్ట్ బటన్ ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు ఎవరైనా ఇందులో కూర్చుని అరగంటలో బ్రౌజర్ ఓపెన్ చేసుకుని, పాటలు పెట్టుకుని, పని మొదలెట్టేయొచ్చు. కానీ ఏదన్నా తేడా వచ్చిన రోజు, అంటే వైఫై కనబడకపోయినా, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఫైల్ ఎక్కనని మొరాయించినా, యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన కమాండ్‌ని అర్థం కాకుండానే పేస్ట్ చేసి దేవుడి మీద భారం వేసే పరిస్థితి ఉండకూడదంటే మాత్రం ఒక పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి వరసగా నేర్చుకోవాల్సిందే. నేను అలా నేర్చుకున్న పుస్తకం విలియం షాట్స్ రాసిన ది లైనక్స్ కమాండ్ లైన్. పుస్తకం గురించీ, దాన్ని ప్రాక్టీస్ చేసిన మింట్ గురించీ రెండూ కలిపే రాస్తున్నా, ఒకటి వదిలేసి ఇంకోటి చెప్తే సగమే చెప్పినట్టు అవుతుంది.

నేను ఒక ప్రైవేట్ స్కూల్లో ఆఫీస్ పని చూస్తాను. ఫీజు లెక్కలు, టీసీలు, క్వశ్చన్ పేపర్ల టైపింగ్, అన్నీ నా మీదే. ఇంట్లో ఉన్నది ఐదో జనరేషన్ ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, మధ్యలో పాత హార్డ్ డిస్క్ తీసేయించి ఎస్‌ఎస్‌డీ వేయించా, మిషన్ ఇప్పటికీ గట్టిగానే ఉంది. విండోస్ 10 కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో అయిపోయింది, ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వెసులుబాటు ఇచ్చారు కానీ అది కూడా 2026 అక్టోబర్ దాకానే, విండోస్ 11 కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే బాగా పని చేస్తున్న మిషన్‌ని పక్కన పడేసి కొత్తది కొనాలి. అది నాకు నచ్చలేదు, అందుకే మింట్.

మింట్ 2006 నుంచి ఉంది, క్లెమెంట్ లెఫెవ్ర్ అనే ఆయన మొదలుపెట్టారు, లోపల ఉబుంటు అనే ఇంకో లైనక్స్ పునాది. ఇప్పుడున్న 22 సిరీస్ ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. డెస్క్‌టాప్ కనబడే తీరుని బట్టి సినమన్, మాటే, ఎక్స్ఎఫ్‌సీఈ అని మూడు రకాలు ఉంటాయి, నేను వేసుకున్నది సినమన్, విండోస్ నుంచి వచ్చేవాళ్ళకి అదే దగ్గరగా అనిపిస్తుంది. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ ఉంటే చాలు అంటారు, హాయిగా నడవాలంటే 4 జీబీ. 4 జీబీ ర్యామ్‌తో సెలెరాన్ ల్యాప్‌టాప్ లాంటివి ఉన్నవాళ్ళు తేలిగ్గా నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ తీసుకోండి.

షాట్స్ పుస్తకం ఇన్‌స్టాలేషన్ నేర్పదు, మీ సిస్టమ్‌లో లైనక్స్ ఉందనుకునే మొదలవుతుంది. కాబట్టి ఇన్‌స్టాలేషన్ వరకు మింట్ వాళ్ళ అఫీషియల్ ఇన్‌స్టలేషన్ గైడ్ చదవాలి, అది చిన్నది, బొమ్మలతో ఉంటుంది, ఒక సాయంత్రం పని. అందులో ఒక చాప్టర్‌ని చాలామంది దాటేస్తారు, డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైల్ (మింట్ మొత్తం ఒకే ఫైల్‌గా వచ్చేది) అసలైనదా కాదా అని చెక్‌సమ్‌తో సరిచూసుకోమనేది. దయచేసి దాటేయొద్దు. 2016 ఫిబ్రవరి 20 న మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకుని మార్చి, వెనక దొంగ దారి పెట్టిన ఐఎస్‌ఓ వైపు మళ్ళించారు.  ఒక్క కమాండ్, ఫైల్ పేరు ఇస్తే పొడుగాటి నంబర్ వస్తుంది, దాన్ని మింట్ వాళ్ళు ఇచ్చిన నంబర్‌తో పోల్చి చూడటమే, అంతకన్నా పని లేదు.

ఇంకో రెండు మాటలు ఇన్‌స్టాలేషన్ గురించి. పెన్‌డ్రైవ్‌లో పెట్టి బూట్ చేయగానే ఇన్‌స్టాల్ కొట్టేయకండి, అది లైవ్‌లో నడుస్తుంది, అంటే మీ డిస్క్‌ని ముట్టుకోకుండానే మొత్తం వాడి చూడొచ్చు, వైఫై, సౌండ్, కెమెరా, బ్రైట్‌నెస్ బటన్లు అన్నీ అక్కడే చూసుకోండి. విండోస్ కూడా పక్కన ఉంచుకుందాం అనుకునేవాళ్ళు ముందు విండోస్‌లోకి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేకపోతే మింట్ నుంచి ఆ పార్టిషన్లో ఫైళ్ళు చదవడమే కానీ రాయడం కుదరదు, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఇక ఇన్‌స్టాల్ అయ్యాక మొదట చేయమనే పనుల్లో ఒకటి టైమ్‌షిఫ్ట్. సిస్టమ్ పాడైతే వెనక్కి తీసుకెళ్ళే స్నాప్‌షాట్ అది, తప్పకుండా ఆన్ చేయండి, కానీ మామూలు సెట్టింగ్‌లో అది మీ హోమ్ ఫోల్డర్లోని ఫోటోలూ డాక్యుమెంట్లూ దాచదు, సిస్టమ్ ఫైళ్ళనే దాస్తుంది. వాటి బ్యాకప్ విడిగా చూసుకోవాలి, దాని సంగతి కింద చెప్తా.

ఇక పుస్తకం. నో స్టార్చ్ ప్రెస్ వాళ్ళు 2012 లో ప్రింట్ చేశారు, రెండో ఎడిషన్ 2019 లో వచ్చింది, దాదాపు 500 పేజీలు. పీడీఎఫ్ మాత్రం రచయితే తన సైట్‌లో ఉచితంగా పెట్టారు, దొంగచాటు కాపీ వెతుక్కోవాల్సిన పని లేదు. నాలుగు భాగాలు. మొదటిది షెల్ (మనం టైప్ చేసిన కమాండ్లని అందుకుని నడిపించే ప్రోగ్రామ్) నేర్చుకోవడం, రెండోది సెట్టింగులు, మూడోది రోజూ పడే పనులు, నాలుగోది స్క్రిప్టులు రాయడం. నేను మొదటి భాగం వరకు, అంటే వంద పేజీల పైచిలుకు, జిరాక్స్ షాపులో రెండు వైపులా ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించా. అదే స్క్రీన్ మీద పీడీఎఫ్ ఒక పక్క, కమాండ్లు కొట్టే కిటికీ, అంటే టెర్మినల్, ఒక పక్క పెట్టుకుంటే చేతులు కాపీ పేస్ట్‌కే పోతాయి. కాగితం మీద చూసి టైప్ చేస్తేనే ఎక్కడ స్పేస్ ఉందో, ఎక్కడ లేదో కంటికి అలవాటవుతుంది. లైనక్స్‌లో ఆ స్పేస్ చాలా పెద్ద విషయం.

ఎంత పెద్ద విషయమో పుస్తకంలోనే ఒక చోట చూపిస్తాడు, నాకు మొత్తం పుస్తకంలో బాగా నచ్చిన చోటు అది. నాలుగో చాప్టర్, ఫైళ్ళు కాపీ చేయడం, జరపడం, తీసేయడం. ఆర్‌ఎం అనేది డిలీట్ కమాండ్, రీసైకిల్ బిన్ లాంటిదేమీ ఉండదు, పోయిందంటే పోయినట్టే. చుక్క హెచ్‌టీఎంఎల్‌తో ముగిసే ఫైళ్ళన్నీ తీసేయాలంటే ఆర్‌ఎం *.హెచ్‌టీఎంఎల్ అని కొట్టాలి. స్టార్ గుర్తుకీ చుక్కకీ మధ్య పొరపాటున ఒక్క స్పేస్ పడిందనుకోండి, షెల్‌కి అది రెండు వేర్వేరు మాటలు, మొదటిది స్టార్, అంటే ఈ ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళన్నీ. అన్నీ తీసేసి, ఆ తర్వాత చుక్క హెచ్‌టీఎంఎల్ అనే ఫైల్ కనబడలేదండీ అని చెప్తుంది. దీన్ని చెప్పి భయపెట్టి వదిలేయకుండా వెంటనే ఒక అలవాటు నేర్పుతాడు: ముందు అదే మాటని ఆర్‌ఎం బదులు, ఫైళ్ళ పేర్లు మాత్రం చూపించే ఎల్ఎస్‌తో కొట్టండి, ఏ ఏ ఫైళ్ళు వస్తున్నాయో కళ్ళతో చూడండి, సరిగ్గా ఉంటే పై బాణం కీ నొక్కి ఎల్ఎస్ చెరిపి ఆర్‌ఎం పెట్టండి. అంతే. ఆ ఒక్క అలవాటు చేతికి వస్తే టెర్మినల్ అంటే ఉన్న బెరుకు సగం పోతుంది. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళకి కమాండ్లు చాలా తెలుస్తాయి కానీ ఈ జాగ్రత్త ఎవరూ చెప్పగా నేను వినలేదు.

అసలు మొదటి చాప్టరే తీరుగా ఉంటుంది. ఏదో ఒక పిచ్చి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కమంటాడు, కమాండ్ దొరకలేదు అని వస్తుంది. అంటే తప్పు కొడితే ఏమీ పేలిపోదు, మిషన్ జవాబు చెప్తుంది, ఆ జవాబు చదవాలి అని మొదటి రోజే మనకి అలవాటు చేస్తున్నాడన్నమాట. తర్వాత తేదీ చూపించే డేట్, క్యాలెండర్ చూపించే క్యాల్, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్, ర్యామ్ చెప్పే ఫ్రీ. ఇక్కడ కొత్త సిస్టమ్స్‌లో చిన్న తేడా రావచ్చు, క్యాల్ కొన్నిటిలో ముందే ఉండదు, ఎన్‌క్యాల్ అనే ప్యాకేజ్ వేసుకోవాలి. అలాగే టెర్మినల్‌లో కంట్రోల్ సీ, కంట్రోల్ వీ పని చేయవు, కంట్రోల్ సీ అంటే అక్కడ నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపడం, విండోస్ పుట్టకముందు నుంచే దాని అర్థం అది. కాపీ పేస్ట్‌కి షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. ఇంకోటి, అడ్మిన్ హక్కుతో కమాండ్ నడపడానికి సుడో అన్నప్పుడు పాస్‌వర్డ్ అడిగితే మింట్‌లో చుక్కలు కనబడతాయి, ఉబుంటులో ఇన్నాళ్ళూ ఏమీ కనబడకుండా ఉండేది, చాలామంది కీబోర్డ్ పాడైందనుకుని కంగారు పడతారు.

నాకు బాగా పనికొచ్చింది ఫోటోల సంగతి. ఇంట్లో అందరి ఫోన్లలోంచి ఏళ్ళ తరబడి కాపీ చేసి ఒకే ఫోల్డర్లో పోసిన వాట్సాప్ ఫోటోలు వేలల్లో ఉన్నాయి, ఫోల్డర్ తెరిస్తే బొమ్మలు రావడానికే బోలెడంత సేపు. ఆ ఫైళ్ళ పేర్లు ఎప్పుడన్నా గమనించారా, ఐఎంజీ, గీత, తర్వాత 20190514 లాగా తేదీ, తర్వాత డబ్ల్యూఏ, ఒక నంబర్. అంటే ఫోటో ఏ సంవత్సరం వచ్చిందో పేరులోనే ఉంది. పుస్తకంలో స్టార్ లాంటి గుర్తుల గురించి వైల్డ్‌కార్డులు అని రెండు మూడు పేజీలు ఉంటాయి, అది చదివాక ఎంకేడీఐఆర్ తో 2019 అని ఫోల్డర్ చేసి, ఫైళ్ళు జరిపే కమాండ్‌తో ఎంవీ ఐఎంజీ-2019* 2019 అని ఒక్క లైన్ కొట్టా, ఎంటర్ నొక్కగానే ఆ సంవత్సరం ఫోటోలన్నీ అందులోకి వెళ్ళిపోయాయి. ముందు ఎల్ఎస్‌తో చూసుకునే కొట్టా లెండి. మౌస్‌తో సెలెక్ట్ చేసి లాగుతూ కూర్చుంటే రోజంతా పట్టే పని అది. ఐఎంజీ అన్నది క్యాపిటల్ లెటర్స్‌లోనే కొట్టాలి, విండోస్ పట్టించుకోదు కానీ లైనక్స్‌కి క్యాపిటల్, స్మాల్ వేరు వేరు.

ఆరో చాప్టర్లో పైపులు వస్తాయి. ఒక కమాండ్ ఇచ్చిన ఫలితాన్ని ఇంకో కమాండ్‌లోకి పంపడం, ఒక మడిలోంచి గట్టు తెగ్గొట్టి పక్క మడిలోకి నీళ్ళు వదిలినట్టు. డీయూ అనేది ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటోందో చెప్తుంది, సార్ట్ వరస పెడుతుంది, హెడ్ పైన పది లైన్లు మాత్రం చూపిస్తుంది. ఈ మూడింటినీ నిలువు గీతతో కలిపితే నా డిస్క్‌లో జాగా ఎక్కువ మింగుతున్న పది ఫోల్డర్లు వరసగా కనబడ్డాయి. ఇదే పని కోసం విండోస్‌లో ఏదో ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, దానితో పాటు వచ్చిన ఇంకో రెండు అక్కర్లేనివి తీసేసుకునేవాణ్ణి. చిన్న చిన్న పనిముట్లని కలిపి మనకి కావలసిన పనిముట్టు మనమే చేసుకోవడం అన్నమాట, మిగతా పుస్తకం అంతా నిజానికి దీని మీదే నడుస్తుంది.

ఏడో చాప్టర్ కష్టం. ఎక్స్‌పాన్షన్, కోటింగ్, అంటే మనం కొట్టిన లైన్‌ని షెల్ ముందు తనకి కావలసినట్టు విడదీసుకుని ఆ తర్వాతే కమాండ్‌కి ఇస్తుంది అనేది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగొద్దు, డబుల్ కోట్స్ వరకు పట్టుకుని ముందుకెళ్ళిపోండి. ఎందుకంటే మన ఫైళ్ళ పేర్లలో స్పేసులు ఉంటాయి, ఎనిమిదో తరగతి తెలుగు అని పేరు పెడితే షెల్‌కి అది మూడు ఫైళ్ళు, కోట్స్‌లో పెడితేనే ఒకటి. తెలుగు అక్షరాల్లో పేర్లు పెట్టుకున్నా కమాండ్లు అన్నీ పని చేస్తాయి, భేషుగ్గా, కానీ టెర్మినల్ కిటికీలో ఒత్తులూ గుణింతాలూ విడిపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కనబడతాయి. ఫైల్ పేరు పాడవలేదు, అక్కడ చూపించడంలోనే లోపం, ఫైల్ మేనేజర్లో చూస్తే చక్కగా ఉంటుంది. ఇది ఎప్పటికి బాగుపడుతుందో కానీ, సొంత భాషలో పేరు పెట్టుకున్న ఫైల్‌ని అలా చూడటం బాధగానే ఉంటుంది.

తొమ్మిదో చాప్టర్ పర్మిషన్లు, అంటే ఏ ఫైల్‌ని ఎవరు ఏం చేయొచ్చో. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, వీటిని కూడితే వచ్చే అంకెలే పర్మిషన్ల కోసం కొట్టే 755, 644 అన్నీ. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ, నేను ఇది చదువుతుంటే వచ్చి చూసి "నాన్నా ఇది మా ఓఎస్ ల్యాబ్‌లో రికార్డ్‌లో రాసిందే, ఎందుకలా వస్తుందో ఇప్పుడు అర్థమైంది" అంది. రికార్డ్‌లో ప్రోగ్రామ్, అవుట్‌పుట్ రాసి సంతకం పెట్టించుకోవడమే తప్ప 4, 2, 1 కూడికలు అని తనకి ఎవరూ విడమర్చి చెప్పలేదట. ఇంజనీరింగ్ పిల్లలు ఉన్న ఇంట్లో ఈ పుస్తకం ఉండాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. తను నేరుగా నాలుగో భాగంలోకి వెళ్ళింది, షెల్ స్క్రిప్టులు, ఇఫ్, వైల్, కేస్ అన్నీ అక్కడ ఉంటాయి, ఒకే ప్రోగ్రామ్‌ని చాప్టర్ చాప్టర్‌కీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాడు. ల్యాబ్ ఎగ్జామ్‌కి అదొక్కటే చాలు.

పదో చాప్టర్ ప్రాసెస్‌లు, ఇరుక్కుపోయిన ప్రోగ్రామ్‌ని ఎలా ఆపాలో, పనికొస్తుంది. రెండో భాగంలో వీఐ అనే ఎడిటర్ గురించి ఒక చాప్టర్ ఉంది, ఆఫీసు పనులకి అది అక్కర్లేదు, నానో సరిపోతుంది, కాకపోతే ఎప్పుడన్నా అనుకోకుండా అందులోకి వెళ్తే బయటికి రావడానికి ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం అని కొట్టాలని గుర్తుంటే చాలు.

మూడో భాగంలో నాకు ప్రాణం అనిపించింది ఆర్‌సింక్ అనే కమాండ్. పైన బ్యాకప్ అన్నా కదా, ఇదే అది. మొదటిసారి ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేస్తుంది, రెండోసారి నుంచి మారినవి మాత్రమే. స్కూల్ లెక్కలూ, ఇంటి కాగితాల స్కాన్లూ వారం వారం దీంతోనే దాస్తున్నా, నిమిషం కూడా పట్టదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మూలం ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలున్నవి మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఆ ఫోల్డర్‌తో సహా వెళ్తుంది.

ఇక లోపాలు. మొదటిది, పుస్తకంలో బొమ్మలు దాదాపు లేవు, మొత్తం అక్షరాలే. రెండోది, కొన్ని చోట్ల వయసు కనబడుతుంది, సీడీలు రాయడం గురించి పేజీలు ఉన్నాయి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవే లేదు, టెక్స్ట్ ప్రాసెసింగ్ చాప్టర్లో ఉదాహరణకి తీసుకున్న లైనక్స్ వెర్షన్ల జాబితా 2006 నుంచి 2008 వరకు ఉన్నవి. నేర్చుకోవడానికి అడ్డేం కాదు కానీ కొత్తవాళ్ళకి ఇది పాత పుస్తకమేమో అనే అనుమానం వస్తుంది. మూడోది, ప్రతి కమాండ్‌కీ ఆప్షన్ల పట్టికలు ఇస్తాడు, వాటిని బట్టీ పట్టక్కర్లేదు, మ్యాన్ అని, పక్కన కమాండ్ పేరు కొడితే ఎప్పుడైనా వస్తాయి. ఇంగ్లీషు మాత్రం సులువు, చిన్న చిన్న వాక్యాలు, తెలుగు మీడియంలో చదివినవాళ్ళు కూడా నిదానంగా వెళ్తే పట్టుకోగలరు. నేను చదివింది తెలుగు మీడియమే.

తెలుగులో ఇలాంటి పుస్తకం ఉంటే ఎంత బాగుండేదో. ఈ పుస్తకాన్నే ఎవరైనా అనువాదం చేసి పంచొచ్చు కదా అంటే లైసెన్స్ ఒప్పుకోదు, క్రియేటివ్ కామన్స్‌లో ఎన్‌సీ ఎన్‌డీ రకం అది, ఉన్నది ఉన్నట్టుగా ఉచితంగా పంచుకోవచ్చు కానీ మార్చినదాన్ని, అనువదించినదాన్ని అనుమతి లేకుండా పంచకూడదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్ళ తరబడి పని చేస్తున్నారు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ళు తయారుచేసిన బాస్ లైనక్స్‌లో కూడా చాలా భారతీయ భాషలకి చోటుంది, కేరళలో అయితే సర్కారు బడుల్లో పిల్లలు లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన దగ్గర పదో తరగతి పిల్లాడికి అర్థమయ్యే తెలుగులో, మొదటి కమాండ్ నుంచి బ్యాకప్ దాకా తీసుకెళ్ళే సొంత పుస్తకం ఒకటి ఎవరైనా రాస్తే ముందు కాపీ నేనే కొంటా.

తెలుగు టైపింగ్ సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్ళకి ఏమీ వేయక్కర్లేదు, కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు ఎంచుకుంటే సరి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్, దాంతో ఎం17ఎన్ వేసుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు ఉంటాయి, యాపిల్ కీబోర్డ్ అలవాటున్న డీటీపీ వాళ్ళకి అది కూడా అందులోనే ఉంది. ఫాంట్లకి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలుగువిజయం అని ఒక్క కమాండ్ చాలు, శీర్షికలకీ పోస్టర్లకీ పనికొచ్చే రకరకాల తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఒకేసారి దిగుతాయి. లిబ్రే ఆఫీస్‌లో క్వశ్చన్ పేపర్ కొడితే ఒత్తులన్నీ సరిగ్గా వస్తున్నాయి, పీడీఎఫ్‌లో కూడా.

కానీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేసేవాళ్ళు మింట్‌కి రావద్దు. అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌ది, పైగా ఆ పాత ఫైళ్ళు యూనికోడ్ కావు, ఇక్కడ తెరిస్తే ఇంగ్లీషు గుర్తులు తప్ప ఏమీ కనబడవు. మా స్కూల్ పాత పేపర్లన్నీ అనులోనే ఉన్నాయి, అందుకని ఆఫీసు సిస్టమ్‌లో విండోస్ అలాగే ఉంచి ఇంట్లోనే మింట్ వాడుతున్నా, కొత్త పేపర్లు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టాం. ట్యాలీ మీద బతికే వాళ్ళదీ అదే పరిస్థితి, విండోస్ ఉంచుకోవాల్సిందే. ప్రింటర్ల విషయంలో కొన్ని కంపెనీలవి కేబుల్ పెట్టగానే పని చేస్తాయి, మా ఇంట్లో ఉన్న పాత లేజర్ ప్రింటర్ మాత్రం చాలా సతాయించింది, ఆ కంపెనీ డ్రైవర్ కొత్త సిస్టమ్స్‌కి సరిపడటం లేదు, చివరికి దాన్ని ఆఫీసుకి ఇచ్చేశా. కాబట్టి లైవ్‌లో ఉన్నప్పుడే ప్రింటర్ కూడా తగిలించి చూడండి.

మా లెక్కల మాస్టారు ఒకాయన ఈ మధ్య అడిగారు, "ఏమండీ, ఈ పుస్తకం లేకుండా మింట్ ఒక్కటే వేసుకుంటే సరిపోదా, నాకు బ్రౌజరూ, వీడియోలే కదా" అని. "మీకు సరిపోతుంది మాస్టారూ, వేసేసుకోండి" అన్నా. నిజంగానే ఆయనకి సరిపోయింది, రోజూ వాడుతున్నారు. ఇంట్లో సిస్టమ్ బాగుచేసే మనిషి మీరే అయితే, లేదా పిల్లలు కంప్యూటర్ చదువు చదువుతుంటే, అప్పుడు పుస్తకం కావాలి. మింట్‌కి ఐదుకి నాలుగు, ఆ ఒకటి తగ్గించింది ప్రింటర్, టెర్మినల్‌లో తెలుగు వల్ల. పుస్తకానికి నాలుగున్నర.

ప్రింట్ తీయించుకునేవాళ్ళు మొదటి భాగం పది చాప్టర్లూ, తర్వాత మూడో భాగంలోంచి ప్యాకేజ్ మేనేజ్‌మెంట్, ఫైళ్ళు వెతకడం, ఆర్కైవ్ బ్యాకప్ చాప్టర్లూ కలిపి ఒకే బైండింగ్‌లో పెట్టించుకోండి, మిగతాది పీడీఎఫ్‌లో ఉండనివ్వండి. షాపులో ఫాంట్ చిన్నది చేసి ఒక పేజీలో రెండు పేజీలు పడేలా తీస్తామంటారు, ఒప్పుకోకండి, కమాండ్లలో స్పేసులు కంటికి ఆనవు.